రాయించని చదువు

"చెవుల గా తీగలు పెట్టుకుంటే పప్పు మాడుడు ఏం తెలుస్తది?" అని మల్లక్క గడప దగ్గర నిలబడి అన్నప్పుడు, కోడలు ప్రశాంతి ఒక చేత్తో గిన్నె దించుతూ ఇంకో చేత్తో ల్యాప్‌టాప్‌లో కోడు సరిచేస్తోంది. ఆ కోడు ఆమెది కాదు, భర్త వెంకటేశ్వర్‌ది. అతను పక్క గదిలో తలుపేసుకుని మీటింగులో ఉన్నాడు. ఇద్దరిదీ హైదరాబాద్‌లో ఒకే కంపెనీ; కరోనా కాలంలో వెంకటేశ్వర్ సొంతూరు సిరొంచకు వచ్చి, ఇంటి నుంచే పనిచేస్తూ ఇక్కడే ఉండిపోయారు. కొడుకు మీటింగులో ఉంటే మల్లక్క చెంబు చప్పుడు కూడా కానివ్వదు. కోడలి మీటింగు మాత్రం, పొలం నుంచి నాట్ల కూలీలు చాయ్‌కి వచ్చినా ఆగాలి.

ప్రశాంతి నాగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్ చేసింది. పెద్ద ప్రోగ్రాములో ఒకచోట చెయ్యి పెడితే ఇంకెక్కడ చెడుతుందో ముందే పసిగట్టడం ఆ చదువు నేర్పింది. వెంకటేశ్వర్ బి.ఇ. దగ్గరే ఆపేశాడు. పెళ్లయ్యాక తన కంపెనీలో ఆమెను చేర్పిస్తూ, "ఎం.టెక్ సంగతి రాయకు. రాస్తే నాకంటే పై గ్రేడుల పడ్తవ్. ఒక్కింట్ల గట్లుంటే ఏం బాగుంటది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కొత్త కాపురం, ఆమె కూడా నవ్వేసి కింది గ్రేడులో చేరింది. పగలు తన పని, వంట అయ్యాక అతని పని. ఆమె గీసిచ్చిన డిజైన్లతో అతను టీమ్ లీడర్ అయ్యాడు. ఇంటిల్లిపాదికీ మిఠాయి పంచింది కూడా ఆమే.

ఈ వానాకాలం కంపెనీ మనుషుల్ని తగ్గించింది. మేనేజర్ కాజల్ ఫోన్‌లో హిందీలో, మెత్తగానే చెప్పింది. "పీజీ ఉన్నవాళ్లను ఉంచమన్నారు. మిగతావాళ్లలో ఒకరి పేరు అడిగితే వెంకటేశ్వర్ నీ పేరు చెప్పాడు."

"నేను ఎం.టెక్, మేడమ్."

"మరి చేరినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మా ఆయన వద్దన్నాడు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది. రెండేళ్లు హాస్టల్లో కళ్లు మండేలా చదివిన మనిషి, ఎవరో వద్దన్నారని తన చదువును తానే లేదనుకుంది. ఇప్పుడు బయటపెడితే దాచినందుకు కంపెనీ తప్పు పడుతుందని చెప్పి కాజల్ ఫోన్ పెట్టేసింది.

వెంకటేశ్వర్ ఆమెను ఓదార్చాడు. "ఇంకెవరి పేరు చెప్పాలె? మన టీమ్‌ల ఉన్న సచిన్‌కు ఇద్దరు పిల్లలు. నువ్వు ఇంట్లనే ఉంటవ్, నా పని ఎట్లనూ చూస్తవ్. మనకేం ఫరక్ పడ్తది?"

జీతం ఒక్కటే పోతుంది. పని ఎక్కడికీ పోదు. ఆ లెక్క అతను ముందే వేసుకున్నాడు. ఆమె ఏడవలేదు, వంటింట్లోకి వెళ్లి మల్లక్క పక్కన కూర్చుంది. ఇంట్లో ఇంకెవరికీ తెలియదనుకున్న మాట, ఈ ఒక్క మనిషికైనా చెప్పాలనిపించింది.

"అత్తమ్మా, నేను మీ కొడుకు కంటే పెద్ద చదువు చదివిన."

మల్లక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "తెల్సు బిడ్డా. తెల్వకనా? గది రాయించకురా అని వానికి చెప్పింది నేనే. మొగోడు ఇంట్ల చిన్నబోతే సంసారం నిలుస్తదా? నన్ను కూడా గట్లనే ఏడో తరగతిల బడి మాన్పించిండ్రు, మీ మామ నాలుగే చదివిండని."

ప్రశాంతి కాయలు ఒలిచే ఆ వేళ్లను చూసింది. కోపం రావాలి, రాలేదు. భయం వేసింది. ఇంకో ముప్పై ఏళ్లకు ఇదే పీట మీద ఇంతే నెమ్మదిగా ఈ మాట తాను ఎవరికి చెబుతుందో అని.

గదిలోంచి వెంకటేశ్వర్ కేక వేశాడు. "ప్రశాంతీ, జర రా. నువ్వు రాసింది నడుస్తలేదు. పది నిమిషాల్ల చూపెట్టాలె."

మల్లక్క చేత్తో పొమ్మన్నట్టు సైగ చేసింది. ప్రశాంతి కూర్చున్నచోటు నుంచే బదులిచ్చింది.

"ఇగ నడవది."