దించని మోపు

చీపురుగడ్డి మోపుకు మోకాలు ఆనించి నంజమ్మ రెండో కట్టును మళ్ళీ లాగింది. తాడు అరచేతిలోని పాత కాయల మీద జారింది. కొడవలిని గడ్డి మధ్యలోకి దోపింది. మోపు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి.

"ఎత్తమ్మే, పుట్టా."

పక్కింటి పుట్టమ్మ ఓ చెయ్యి వేసి మోపును ఆమె తలకు చేర్చింది. బండమీద నిలబెట్టిన తన మోపును వంగి తలకెత్తుకుంది.

ఆ కొండలో తిరిగే ఆడవాళ్ళు మలుపు మలుపుకీ "హో" అని కూత పెడతారు. మనిషి అలికిడి ముందే తెలిస్తే ఎలుగుబంటి తనంతట తనే తొలగిపోతుంది. నంజమ్మ కూత అవతలి గట్టుదాకా వినిపించేది. ఈరోజు పెట్టలేదు. కింద రోడ్డు మోరీ దగ్గర ఫారెస్టు గార్డు తిమ్మరాజు మోపెడ్ నిలబెట్టి ఉంది. అతని కంటబడితే మోపూ పోతుంది, కొడవలీ పోతుంది. రేపు పోచంపల్లి సంతకు చీపుర్లుండవు.

"కూత పెట్టవా అక్కా?"

"సుమ్మనే ఉండు. గార్డు ఉండాడు."

"నీ గొంతు ఇంటే గార్డే చెట్టెక్కుతాడులే."

నంజమ్మకు నవ్వొచ్చింది. మోపు కదులుతుందని ఆపుకుంది.

దోవకు రెండు పక్కలా ముళ్ళపొదలు. మోపు పట్టేంత సందు, అంతే. మోపుతో వెనక్కి తిరగడానికి లేదు. మోపు కింది మనిషికి తన పాదాల ముందున్న నేల తప్ప ఏదీ కనపడదు. నంజమ్మ చూసిన లోకం చాలావరకు అదే. చిన్నప్పుడు నీళ్ళ బిందెలు, పెళ్ళయ్యాక మట్టి తట్టలు, మత్తిగిరిలో ఇళ్ళు లేస్తున్నప్పుడు ఇటుకలు, మొగుడు పోయాక ఈ గడ్డి. ఎక్కడా ఏదీ జారవిడవలేదు. కాలిలో మేకు దిగిననాడు కూడా ఇటుకలు దించిన తరువాతే కాలు చూసుకుంది.

మలుపులో చెదపుట్ట పక్కన ఏదో బుసకొట్టింది. నల్లటి బండ అనుకున్నది లేచి నిలబడింది.

పుట్టమ్మ తన మోపు విసిరేసింది. అది నంజమ్మ వెనక దోవకు అడ్డంగా పడింది.

"మోపు ఇసిరెయ్యక్కా! దాని మీదికి ఇసురు!"

విసరాలని నంజమ్మకూ తెలుసు. చేతులు వినలేదు. కాలు తడబడినా, గుండె అదిరినా వాటికి తెలిసిన పని ఒకటే, గట్టిగా పట్టుకోవడం. అవి ఇంకా బిగిశాయి. ఆ రెప్పపాటులోనే ఎలుగు గోళ్ళు ఆమె మెడ కింద దిగాయి.

బోర్లా పడింది. మోపు వీపు మీద పడింది. చేతులు కింద ఇరుక్కుపోయాయి. నోట్లో మట్టి, ముక్కులో గడ్డినూగు. కదలడానికి లేదు, అరవడానికి లేదు. పైన అది గడ్డిని చీలుస్తోంది. వేడి ఊపిరి చెవికి తగులుతోంది. తాడు తెగితే గడ్డంతా చెదిరిపోతుందే అనుకుంది నంజమ్మ.

"హో! హో!" పుట్టమ్మ గొంతు చించుకుని కూత పెట్టింది. "గార్డన్నా, రా అన్నా!"

తిమ్మరాజు కర్రతో బండల్ని బాదుకుంటూ, కేకలేస్తూ పరుగెత్తి వచ్చాడు. ఎలుగుబంటి పొదల్లోకి దూరిపోయింది. అతను తన ఖాకీ చొక్కా విప్పి గాయానికి చుట్టాడు. ఆమెను వీపున వేసుకుని రోడ్డుకు దిగి, పాలవ్యాను ఆపాడు.

నంజమ్మ తల పుట్టమ్మ ఒడిలో ఉంది.

"మోపు యాడ?"

"ఆడే ఉంది అక్కా. గార్డన్న ఏమీ అనలేదు."

"తాడు కొత్తది."

"నేను తెస్తాలే. నువ్వు మాట్లాడొద్దు."

నంజమ్మ పుట్టమ్మ మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది. ఆసుపత్రికి పోతున్న వ్యాను కృష్ణగిరి బస్టాండు దాటేవేళ ఆ వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

పొద్దుగూకే ముందు తిమ్మరాజు ఒక్కడే మళ్ళీ ఆ దోవన వచ్చాడు. చెదిరిన గడ్డిలో, బరువు కింద తలకు ఒత్తుగా పెట్టుకునే పాతచీర చుట్ట పడి ఉంది. నడుమ నంజమ్మ తల పట్టేంత గుంటతో, గుండ్రంగా, ఇంకా విడిపోకుండా.