బకెట్లోకి పోయే నీళ్ళు

గ్లెనిస్ పట్టు పట్టిందంటే ఇక ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాదు. వంటింట్లో నీళ్ళ ఫిల్టర్ పెట్టించాల్సిందే, అదీ వెంటనే.

పక్కనున్న విమానాల స్థావరంలో మంటలార్పడానికి ఏళ్ళ తరబడి వాడిన నురగ మందు భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల బోర్లన్నిటినీ పాడు చేసింది. ఏళ్ళ కిందటే వానలు మొహం చాటేశాక ఇంటి కప్పు రేకుల మీంచి ట్యాంకులోకి చుక్క దిగడం గగనమై, బోరే దిక్కయింది. కూతురు టామ్సిన్ ఆ బోరు నీళ్ళు తాగే పెరిగింది. పెళ్ళయ్యాక ఆమెకి మొదటి కడుపు నిలవలేదు. నీళ్ళ వల్లేనా అని అడిగితే డాక్టరు చెప్పలేమన్నాడు. ఆ మాటతో గ్లెనిస్‌కి నిద్ర కరువైంది. ఇప్పుడు టామ్సిన్ మళ్ళీ నీళ్ళోసుకుంది. పట్నంలో కాపురమే అయినా పురిటికి వచ్చేది ఈ ఇంటికే.

"బొగ్గు ఫిల్టర్ చాల్లే, బిగించడం కూడా తేలిక," అన్నాడు మొగుడు నెవిల్.

"నీ టీకి చాలు. నా మనవడికి చాలదు. ఆర్వో పెట్టిద్దాం. అది దేన్నీ లోపలికి రానివ్వదట."

ప్లంబర్ ఆర్చీ సింకు కింద దూరి అన్నీ బిగించాడు. చివర్లో ఒక సన్నటి గొట్టం పట్టుకుని తల బయట పెట్టాడు. "అక్కా, సగం పైగా నీళ్ళు ఇందులోంచి బయటికి పోతాయి. డ్రైనేజీలో కలిపేయనా?"

"నీకేమైనా మతి పోయిందా? చుక్క నీటికి మొహం వాచి చస్తుంటే కాలవలోకి వదుల్తావా? బకెట్లోకి తిప్పు!"

ఆర్చీ నవ్వి తిప్పేశాడు. ఆ ప్రాంతంలో ఎవరైనా అదే అనేవాళ్ళు. స్నానం చేసిన నీళ్ళు కూడా నిమ్మచెట్టుకి మోసే మనుషులు వాళ్ళు. గ్లెనిస్ అందరికన్నా ఒక ఆకు ఎక్కువే చదివింది. చిన్నప్పుడు టామ్సిన్ గ్లాసులో గుక్కెడు నీళ్ళు వదిలినా, కంచంలో రొట్టె ముక్క వదిలినా ఇంటికప్పు ఎగిరిపోయేది.

అంతవరకూ కోళ్ళు దొడ్డి వెనక గుంటలో చేరిన కాసిని వాననీళ్ళు తాగేవి. ఈ ఏడు ఆ గుంటా ఎండిపోయింది. ఇక బకెట్ నిండగానే కోళ్ళ తొట్టిలో పోయడం గ్లెనిస్ పనైపోయింది. కోళ్ళు కూడా ఆవిడ రుణం ఉంచుకోలేదు, బుట్టలకొద్దీ గుడ్లు పెట్టాయి. కడుపుతో ఉన్న పిల్ల, కొన్న గుడ్లు ఎందుకు తినాలి? నెవిల్ ప్రతి శనివారం పట్నం వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. గ్లెనిస్‌కి మళ్ళీ నిద్ర పట్టసాగింది.

ఏడో నెలలో టామ్సిన్ వచ్చింది. గ్లెనిస్ మురిసిపోతూ ఉడికించిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె పెట్టి, కొత్త కుళాయి నుంచి గ్లాసెడు నీళ్ళు పట్టి ఇచ్చింది.

"అబ్బ, ఎంత బాగున్నాయమ్మా! బోరు వాసనే లేదు." టామ్సిన్ గ్లాసు ఖాళీ చేసి గుడ్డు పగలగొట్టింది. "ఇంతకీ వడకట్టిన ఆ విషమంతా ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికేమిటే, ఆ గొట్టంలోంచి బకెట్లోకి..."

గ్లెనిస్ బయటికి చూసింది. కిటికీలోంచి కోళ్ళ తొట్టి కనబడుతోంది. పొద్దున తనే నింపింది.

"ఆ బకెట్ నీళ్ళు ఏం చేస్తావమ్మా?"

గ్లెనిస్ కూతురి ముందున్న ప్లేటు లాగేసింది. గుడ్డు దొర్లి కింద పడింది. "తినకు తల్లీ, తినకు! కోళ్ళకి పోశానే! పారబోయడానికి చేతులు రాక కోళ్ళకి పోశాను!"

నెవిల్ రొట్టెకి వెన్న రాస్తున్నవాడు కత్తి పక్కన పెట్టేశాడు.

"పంపినవన్నీ తిన్నావా? పాడైనవో, ఎవరికైనా ఇచ్చినవో..." అని అడిగింది గ్లెనిస్. ఒక్క డజనైనా ఆ పిల్ల కడుపులోకి పోకుండా ఉంటే చాలని, ఆమె దేవుణ్ణి బతిమాలుకుంటోంది.

టామ్సిన్ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని తల్లి మొహంలోకి చూసింది.

"నువ్వు పెంచిన దాన్ని కదమ్మా," అంది. "ఒక్కటి కూడా వదల్లేదు."