అక్క చీపురు

పొద్దున్నే లేవగానే అక్క ముందు తన రొమ్ములో చీపురు చప్పుడు వింటుంది, తర్వాత పక్క గదిలో తమ్ముడిది వింటుంది, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది. వాళ్లుండే ఇళ్లల్లో అందరికీ ఊపిరితిత్తుల్లో తలా ఒక చీపురు. లోపల చేరిన దుమ్మూ కఫమూ ఊడ్చి గొంతులోకి తోస్తుంది, మనిషి ఖళ్లున దగ్గి ఉమ్మేస్తాడు, అయిపోయింది. "మీ ఆయనది ఇవాళ అంతలా గీరుతోందేమిటి వదినా?" అని గోడవతల నుంచి అడగడం కూడా మామూలే.

అక్క పని కూడా ఊడ్చడమే. ముప్ఫై ఏళ్లుగా ఒకే ఆఫీసులో నాలుగంతస్తులు. చప్పుడు వింటే చాలు, చీపురు కొత్తదో, అరిగిందో, తడిసిందో చెప్పేస్తుంది. అమ్మానాన్నలు పోయాక తమ్ముడికి తిండి పెట్టిందీ దాంతోనే, అవసరమైతే వీపు మీద తగిలించిందీ దాంతోనే. వాడిప్పుడు ఇంట్లోనే కూర్చుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఎవరెవరివో ఫిర్యాదులు వింటాడు. నోట్లో సిగరెట్. లేచింది మొదలు అరగంట దగ్గు. వాడి చీపురు బండకేసి గీసినట్టు గీరుతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడేది.

చివరికి తనే వెళ్లి ఈ-సిగరెట్ కొనుక్కొచ్చింది. "ఇది పొగ కాదక్కా, ఆవిరి. స్ట్రాబెర్రీ వాసన" అన్నాడు షాపువాడు.

నెల తిరిగేసరికి దగ్గు పోయింది. ఇంకో నెలకి చీపురు చప్పుడే లేదు. అక్క మురిసిపోయింది. "చెత్త లేనిచోట చీపురుకేం పని?" అని మెట్ల మీద కనపడిన వాళ్లందరికీ చెప్పుకుంది. ముప్ఫై ఏళ్లు చీపురు పట్టిన మనిషి అనాల్సిన మాటేనా అది! చెత్త లేని గది ఒక్కటంటే ఒక్కటి చూసిందా జన్మలో?

వానలు మొదలై జలుబు ఇంటింటికీ తిరిగింది. అందరూ నాలుగు రోజులు ముక్కులు చీది లేచారు. తమ్ముడు లేవలేదు. ఐదోనాటికి పెదాలు నీలంగా మారాయి, ఒక్కో మాటకీ రెండుసార్లు ఊపిరి వెతుక్కుంటున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాడి వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"చీపురు బంకలో కూరుకుపోయిందమ్మా. క్రిముల్ని మింగాల్సిన కణాలు కూడా మత్తుగా పడున్నాయి. న్యుమోనియా రెండువైపులా పాకింది."

"ఉత్త ఆవిరే కదా డాక్టరుగారూ!"

"తియ్యటి ఆవిరి. జ్యూస్ ఒలికిన నేల ఎప్పుడైనా ఊడ్చారా?"

ఊడ్చకేం? పుల్లలన్నీ అట్టకట్టుకుపోయి చీపురు కదలనే కదలదు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశానే, నా చేతులు విరిగిపోను!" అని అక్క తల బాదుకుంది.

"మందులు మేం ఇస్తాం. లోపలంతా ఊడ్చేదెవరు?" అంది డాక్టరమ్మ.

"నాది తీసుకోండి."

"మీకు మళ్లీ రాదు."

"వాడు దక్కితే చాలు."

నర్సు కాగితం తెచ్చింది, అక్క సంతకం పెట్టింది. వాడి ముఖం మీదికి వంగి మూడుసార్లు గట్టిగా దగ్గింది. మూడో దగ్గుకి చీపురు వాడి నోట్లోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి వాడి రొమ్ములో చప్పుడు మొదలైంది. ముందు మూలలు, తర్వాత మధ్య, అచ్చం ఆమె ఊడ్చే తీరు. వారం రోజులు పచ్చగా, చిక్కగా కక్కాడు. బతికాడు.

అక్క పని పోయింది. ఒక్క గది ఊడిస్తే చాలు, ఆ దుమ్ము ఆమెలోనే ఉండిపోయేది. ఎంత దగ్గినా బయటికి రాదు. మూడో నెలలో సూపర్‌వైజర్ "ఇంక ఇంట్లో రెస్టు తీసుకోమ్మా" అన్నాడు.

ఆ కబురుతో ఇంటికొచ్చేసరికి తమ్ముడు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో కొత్త ఈ-సిగరెట్.

"ఒరేయ్!" అంది అక్క.

"ఇది వేరేది అక్కా, పుదీనా. అయినా నీ చీపురు గట్టిది, ఏం కాదులే."

ఆమె చెవులు వాడి రొమ్ము మీదే ఉన్నాయి. పుల్లలు అప్పటికే అతుక్కుంటున్నాయి, చీపురు ఆగి ఆగి ఊడుస్తోంది. నాది నాకు తిరిగిచ్చెయ్ అందామని నోరు తెరిచింది. దగ్గుతెర వచ్చి మాటని మింగేసింది.

తమ్ముడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాస్త మెల్లగా దగ్గక్కా, కాల్‌లో ఉన్నాను."