వెనకబడిన పక్షి

కంపు లేదు.

చింతచెట్టు కింద నిలబడి ఈశ్వరి గాలి పీల్చింది. చింతాకు వాసన. నౌపడ ఉప్పుమళ్ళ మీంచి వచ్చే తడి వాసన. అంతే. వినాయక చవితి వెళ్ళిపోయింది. ఈపాటికి చేప కంపు, రెట్ట కంపు ఊరిని ముంచెత్తాలి. కొత్త కోడళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవాలి.

లేదు... ఈ ఏడు ఇంకా లేదు.

ఏటా గూడబాతులు వస్తాయి. ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊళ్ళో అంటారు. ఒక్క పక్షి ఒక్క పుల్ల పెట్టిందా — దాని పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. అవి బయల్దేరాయని తెలిసినా వెయ్యరు. బయల్దేరిన ఆడపిల్ల ముఖాన తలుపేస్తారా ఎవరైనా?

బయల్దేరాయని తెలిసేదెలా? పూర్వం తెలిసేది కాదు.

ఇప్పుడు ఫోనుంది.

పక్కింటి హేమ పెట్టిచ్చింది. ఎక్కడో చలిదేశపు సరస్సు. పక్షులు అక్కణ్ణించే బయల్దేరి వస్తాయంది. వేలితో జరిపితే సరస్సంతా చుట్టూ తిరుగుతుంది. ఒడ్డున ఎలుగుబంటి నీళ్ళు తాగుతుంది. దుప్పులు తలెత్తి చూస్తాయి. ఈశ్వరికి వాటితో పని లేదు. ఆమె వెతికేది రెక్కల్ని.

మొగుడు చినబాబుకి స్లాబు ఇల్లు కావాలి. చెట్టేమో నడివాకిట్లో ఉంది. పక్షులు దిగకముందే కొట్టించెయ్యాలి. చెట్లు కొట్టే గంగులు రంపం తెచ్చి చెట్టు మొదట్లో ఆనించి పోయాడు.

ఆ పూటే ఫోన్లో పక్షులు లేచాయి.

"బయల్దేరిపోనాయి మావా! నా కళ్ళతో సూసినాను!"

చినబాబు తల గోక్కున్నాడు. "సర్లే. వస్తాయేమో సూద్దుం."

చూశారు. ఆకాశం ఖాళీ. మర్నాడూ ఖాళీ.

ఈశ్వరి మళ్ళీ ఫోను తెరిచింది. పక్షులు మళ్ళీ లేచాయి. అదే వరుస. ఒక పక్షి వెనకబడింది, నీళ్ళ మీద కాలు జారింది, తమాయించుకుని లేచింది. నిన్న కూడా అక్కడే జారింది. ఒడ్డున అదే ఎలుగుబంటి, అదే గుక్క.

ఎప్పుడో తీసిపెట్టిన బొమ్మ ఇది. అవి ఏనాడో బయల్దేరాయి... ఈ ఏడు బయల్దేరాయో లేదో ఎవరికి తెలుసు?

చినబాబుకి చెప్పలేదు.

ఎలా చెబుతుంది? తొలిచూలప్పుడు నిండు నెలలతో పాతపట్నంలో బస్సు దిగింది. సంచి చంకన పెట్టుకుని పుట్టింటి వీధిలో నిలబడింది. అన్నలు ఇల్లు అమ్ముకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఒక్కడూ కబురు పెట్టలేదు. ఇల్లున్న చోట చదును నేల. ఏడుస్తూ, తిట్టుకుంటూ తిరుగు బస్సెక్కింది. ఆ నేల ఇంకా కళ్ళలోనే ఉంది.

అందుకే కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఇంట్లోకి — చెట్టు కిందికి — మళ్ళీ ఇంట్లోకి. పొయ్యి మీద అన్నం మాడింది.

గంగులు వచ్చాడు. "ఏటి బాబూ, కొట్టీమంటావా?"

చినబాబు ఆమె వైపు చెయ్యి చాపాడు. "ఏదీ, ఫోనిలా తే."

ఇచ్చింది.

పక్షులు లేచాయి. వెనకబడింది కాలు జారింది, లేచింది. ఆయన మళ్ళీ మొదటికి తెచ్చాడు. మళ్ళీ లేచాయి. మళ్ళీ అక్కడే జారింది. చినబాబు ఫోను తిరిగి ఈశ్వరి చేతిలో పెట్టాడు.

"బయల్దేరినాయిరా గంగులూ," అన్నాడు చివరికి, పెళ్ళాం ముఖం చూడకుండా. "ఒకటి ఎనకబడిపోనాది. అదొచ్చీదాకా ఆగుదుం."

"ఎన్నాళ్ళు బాబూ?"

గంగులు బీడీ వెలిగించుకుని పోయాడు. రంపం మాత్రం తీసుకెళ్ళలేదు.

ఈశ్వరి చెట్టు కిందికి వచ్చింది. ఉప్పుమళ్ళ మీంచి గాలి తిరిగింది. కళ్ళు మూసుకుని పీల్చింది.

చింతాకు వాసన. తడి వాసన. ఇంకా ఏదో... చేపదా?

మళ్ళీ పీల్చింది.