ఖాళీ గంప పాట

నేను ఒక మైకు గొట్టాన్ని. గుసగుసలాడటం నాకు పుట్టుకతోనే రాదు. మీ చెవిలో ఒక్క మాట చెబుతానన్నా నాలుగు వీధులకి వినిపిస్తుంది. అందుకని మొహమాటం లేకుండా ముందే చెప్పేస్తున్నాను, నా కథంతా గట్టిగానే ఉంటుంది. ఓపిక ఉంటే వినండి, లేదంటే చెవుల్లో దూది పెట్టుకోండి.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. సత్తు రేకుని గిర్రున తిరిగే మూసకి అదిమి ఇంత నోరూ, ఇంత మెడా తీశారు. మెడ వెనకాల యూనిట్ అనే గుండ్రటి డబ్బా బిగించారు. నిజానికి గొంతంతా ఆ డబ్బాలోనే ఉంది, నేను ఉత్త నోరుని. మనుషుల్లో కూడా ఉత్త నోళ్ళు చాలానే ఉన్నాయని తర్వాత తర్వాత తెలిసింది.

నన్ను మొదట కొన్నది విజయనగరంలో సౌండు సర్వీసు నడిపే కామేశ్వర్రావు. ఆయన చేతుల్లో నేను చూడని వైభోగం లేదు. పెళ్ళిళ్ళలో చదివింపులు చదివాను. సినిమా రిక్షా ఎక్కి వీధులన్నీ తిరిగాను. ఎన్నికలొస్తే పొద్దున ఒక జెండా కట్టిన జీపు మీద, సాయంత్రం ఇంకో జెండా కట్టిన జీపు మీద అరిచేదాన్ని. జెండాలు మారేవి కానీ నా నోట్లోంచి వచ్చే మాటలు మాత్రం అవే. జనం రెండు పూటలా చప్పట్లు కొట్టేవారు. తర్వాత మనిషెత్తు డీజే బాక్సులొచ్చాయి. వాటి పక్కన నన్ను చూసి పెళ్ళివారు మొహం చిట్లించుకోవడం మొదలుపెట్టారు. కామేశ్వర్రావు నా దుమ్ము దులిపి, గవ్వలపేట రేవులో పడవల సంఘం వాళ్ళకి కారుచౌకగా అంటగట్టేశాడు.

అలా సముద్రం ఒడ్డుకి చేరాను. జెట్టీ పక్కన ఇనప స్తంభం ఎక్కించి, నోరు ఊరివైపు పెట్టి కట్టారు. ఉప్పుగాలికి వారం తిరక్కుండానే నా మెరుపంతా పోయింది. కాకులు నా మెడ మీద వాలి పాడుచెయ్యడం సరేసరి.

సంఘం కార్యదర్శి తాతబ్బాయి రోజూ నా ద్వారా వార్తలు చెప్పేవాడు. ఐసు లారీ వచ్చిందనీ, డీజిల్ అయిపోయిందనీ, ఫలానావాళ్ళ మేక తప్పిపోయిందనీ, గాలి ఎటు వీస్తుందనీ. మంచివాడే కానీ కంగారు మనిషి. ఒకసారి నిన్నటి వాతావరణం కాగితం పట్టుకుని ఇవాళ్టిదనుకుని చదివేశాడు. తుపాను గాలులని నేను గొంతు చించుకున్నాను. పడవలన్నీ ఒడ్డునే ఆగిపోయాయి. తీరా చూస్తే ఆ రోజు సముద్రం ఎంత బుద్ధిగా ఉందో చెప్పలేను. పక్క రేవు వాళ్ళు వలలనిండా చేపలు తెచ్చుకున్నారు. ఇక మా వాళ్ళ తిట్లు వినాలి! తిట్టింది తాతబ్బాయిని, చూసింది నన్ను. అప్పట్నుంచి తాతబ్బాయి వాన అన్నాడంటే ఆడవాళ్ళు వడియాలు ఎండబెట్టుకునేవారు.

నా నోరు ఊరివైపే ఎందుకు పెట్టారో చెప్పాలి. గవ్వలపేటలో వేటకి వెళ్ళిన మనిషిని ఒడ్డు మీంచి పేరు పెట్టి పిలవరు. పిలిస్తే ఆ పేరు గంగమ్మ తల్లి వింటుందట, విన్న పేరుని తనదగ్గరే ఉంచేసుకుంటుందట. అసలు సముద్రం వైపు అరుపే పనికిరాదు. "దాని మూతి మాత్రం ఊరివేపే ఉండాలి" అని కులపెద్ద పోలయ్య నన్ను కట్టేటప్పుడే తేల్చి చెప్పాడు. సముద్రం పక్కనే ఉంటూ ఇన్నేళ్ళూ నేను దాని మొహం చూడలేదు.

ఇక కాసులమ్మ. నా స్తంభం కిందే రోజూ చేపల వేలంపాట పెట్టేది ఆవిడే. పడవ రాగానే గంప ముందు పెట్టుకుని, చీర కొంగు నడుముకి దోపి, ధర అందుకునేది. పాటదారులు పెంచుతూ పోతుంటే ఒకటోసారి, రెండోసారి అనేది. మూడోసారి అన్నదంటే బేరం ముగిసిపోయినట్టే, ఆ సరుకు చివర పాడినవాడిది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. "ఆ రేకు ముక్క నాకేల?" అని నావైపు చూసి మూతి తిప్పేది. నాకు ఆవిడంటే ఒళ్ళుమంట. రేవు మొత్తంలో నా అవసరం లేని మనిషి ఆవిడొక్కతే మరి.

ఆవిడ మొగుడు సముద్రంలోనే పోయాడు. ఆ రోజు ఆవిడ మనసు పట్టలేక ఒడ్డున నిలబడి అతన్ని పేరు పెట్టి పిలిచిందట. అతను రాలేదు. పిలవబట్టే రాలేదని ఆవిడ నమ్మకం. కొడుకు ఎల్లాజీ ఒక్కడే మిగిలాడు. ఆ ఏడే తండ్రి స్థానంలో ఫైబరు పడవ నడపడం మొదలుపెట్టాడు.

పుష్యమాసం చలి. తెల్లారితే దట్టంగా మంచు పడుతుందని, వేటకి వెళ్ళొద్దని ముందురోజు తాతబ్బాయి నా ద్వారా చెప్పాడు. ఈసారి కాగితం సరైనదే. జనం మాత్రం పకపకా నవ్వారు. ఎల్లాజీ కాస్త తటపటాయిస్తే కాసులమ్మే ఎగదోసింది. "ఆ గొట్టం మాట ఎవులింటార్రా? ఎల్లు, మంచి అదునిది" అంది. నేను పైనుంచి విన్నాను. నాకు చెప్పడానికి సొంత మాటంటూ ఉంటే ఆ క్షణాన చెప్పేదాన్నే.

తెల్లారేసరికి మంచు ముంచేసింది. నా కింద ఉన్న జెట్టీ కూడా నాకు కనపడలేదు. దగ్గర్లో వల వేసుకున్నవాళ్ళంతా ఎలాగో తడుముకుంటూ ఒడ్డుకి చేరారు. ఎల్లాజీ పడవ రాలేదు. సెల్లు మోగడం లేదు. మా రేవులోకి రావాలంటే ఏరు సముద్రంలో కలిసే మొగలోంచే రావాలి, దానికి రెండు వైపులా నీళ్ళలో మునిగిన రాళ్ళు. కొండనీ, లైటుహౌసునీ గుర్తు పెట్టుకుని దారి చూసుకుంటారు. ఇప్పుడు కొండా లేదు, లైటుహౌసూ లేదు. ఇంజను చప్పుడు మాత్రం ఎక్కణ్ణుంచో సన్నగా వినిపిస్తోంది. ఒకసారి దగ్గరవుతుంది, ఇంతలోనే రాళ్ళ వైపు వెళ్ళిపోతుంది.

"టపాకాయలు కాల్చండర్రా" అన్నారెవరో. కాల్చారు. ఆ చప్పుడు మంచులో నాలుగు దిక్కులా వినిపించి, ఎటు నుంచి వచ్చిందో తెలియకుండా పోయింది.

కాసులమ్మ నోటిదాకా కొడుకు పేరు వచ్చి ఆగిపోయింది. రెండు చేతులతో నోరు నొక్కుకుంది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఒక ఖాళీ గంప లాక్కొచ్చి నా స్తంభం కింద ధబీమని పెట్టింది.

"ఆ గొట్టాన్ని సముద్రం కేసి తిప్పండి" అంది.

పోలయ్య అడ్డొచ్చాడు. "ఓలమ్మీ, వద్దు. ఎప్పుడూ లేని ఆచారం అది."

"నాను ఎవుల్నీ పిలవడం లేదు మావా. ఏలంపాట పాడతాను. గంగమ్మ తల్లికి సేపలు కావాలంటే ఆ తల్లినీ వచ్చి పాడుకోమను."

పోలయ్య స్తంభం దగ్గర్నుంచి జరిగాడు. తాతబ్బాయి మాత్రం గొణిగాడు. "గంపలో సేపలేవే?"

"ఇన్నాళ్ళూ నీ మైకులో నిజముందేటి? ముందు స్విచ్చెయ్యి!"

నన్ను తిప్పారు. సముద్రాన్ని చూద్దామనుకున్నాను, తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. కాసులమ్మ మైకు అందుకుంది. నాలోంచి మొట్టమొదటిసారి ఆవిడ గొంతు వచ్చింది. నా రేకంతా జలదరించింది.

"ఏలంపాట! మంచి సరుకు! పాడండి, ఎవులు పాడతారు?"

జెట్టీ మీంచి పాటదారు మరిడియ్య ముందుకొచ్చాడు. పీనాసి అంటే పీనాసి, రొయ్య తలకాయ కోసం కూడా తగువుపడే మనిషి. ఖాళీ గంపలోకి చూసి, "ఐదొందలు!" అన్నాడు. ఇంకొకడు ఆరొందలన్నాడు. ఇక చూడండి, రేవు రేవంతా ఎగబడింది. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు కూడా వేలకి వేలు పాడేశాడు. ఆవిడ ఒకటోసారి అంటుంది, రెండోసారి అంటుంది, మూడోసారి దగ్గరికొచ్చేసరికి "పెంచండ్రా!" అంటుంది. వాళ్ళు పెంచుతారు. గొంతు ఆగకూడదు, అంతే.

మధ్యలో కరెంటు పోయింది. నా నోరు పడిపోయింది. తాతబ్బాయి, ఆ కంగారు తాతబ్బాయే, పరుగెత్తి ఆటోలోంచి బ్యాటరీ పీక్కొచ్చి వైర్లు కలిపాడు. మళ్ళీ అందుకున్నాను. యూనిట్ కాగిపోతోంది. కాగనీ అనుకున్నాను. పెళ్ళిళ్ళలో, జీపుల మీద ఇన్నేళ్ళు అరిచిందంతా ఒక ఎత్తు, ఈ పూట ఒక ఎత్తు. ఇంజను చప్పుడు రాళ్ళ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగింది. కాసులమ్మ గొంతు జీరబోయింది, అయినా ఆపలేదు. ధర వేలు దాటి లక్షల్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు సరిగ్గా మొగ మధ్యలోంచి ఎల్లాజీ పడవ ముక్కు మంచు చీల్చుకుని బయటికొచ్చింది.

జెట్టీ అంతా కేకలు. "రెండోసారి..." అంటోంది కాసులమ్మ. నాలో కీచుమని చప్పుడై, కాలిన వాసన వచ్చి, యూనిట్ పోయింది. ఆ రోజుతో నా గొంతు సరి. ఇప్పుడు సంఘం గదిలో పాత వలల మధ్య పడి ఉన్నాను, స్తంభం మీదకి కొత్త మైకొచ్చింది. దాన్ని ఎటైనా తిరిగేలా బిగించారట. ఆ పూట సంగతి మాత్రం పూర్తిచెయ్యాలి.

నేను మూగబోయినా ఆవిడ ఆగలేదు. ఉత్త గొంతుతోనే అరిచింది. "మూడోసారి! ఈ గంప నాది! కాసులమ్మ పాడుకుంది!"

పాట పెట్టే మనిషి తనే పాడుకోవడం రేవులో ఎక్కడా లేదు. మరిడియ్య తలపాగా తీసి, "నీదేలే అప్పా" అన్నాడు.

ఎల్లాజీ తడిబట్టలతో జెట్టీ ఎక్కాడు. వాడికేం తెలుసు పాపం! "ఏటమ్మా, నానొచ్చీదాకా ఆగలేకపోనావా? అంత రేటు పలికిన సరుకేటి? నా సేపల పాట పోద్దేమో అని ఆ గొంతు పట్టుకుని పరుగెట్టుకొచ్చీసినాను" అంటూ గంపలోకి వంగి చూశాడు. అయోమయంగా తల్లి వైపు తిరిగాడు.

కాసులమ్మ వాడి చెంప మీద ఒక్కటి వేసి, ఆ చేత్తోనే చెంప తుడిచింది. "మొయ్యి" అంది.

ఎల్లాజీ ఖాళీ గంప నెత్తికెత్తుకుని తల్లి వెనకాలే ఇంటికి నడిచాడు. రేవంతా పక్కకి తప్పుకుని దారిచ్చింది, ఒక్కరూ నవ్వలేదు.