మూతి ముడిచిన పాండా

ఎనిమిదేళ్లుగా మా అత్తగారి వంటింట్లో నాకు ఒకటే ఉద్యోగం: విసనకర్రతో అన్నానికి గాలి కొట్టడం. మా అత్త మత్సుయో చెక్క తొట్టిలో వేడన్నం గుమ్మరించి, వెనిగర్ పోసి, చెక్క గరిటెతో కోస్తూ కలుపుతుంది. నేను పక్కన నిలబడి విసురుతాను. మెతుకుల మీద మెరుపు రాగానే "చాలు, ఇక జరుగు" అంటుంది. జరగాలి. ఆ తర్వాత వెదురు చాప పరచడం, దాని మీద ఎండిన సముద్రపు నాచు రేకు వేయడం, లోపల బొమ్మ పేర్చడం, చుట్టడం అన్నీ ఆవిడ సొంత రాజ్యం. నా వేలు చాప అంచుకు తగిలితే చాలు, నడినెత్తి కొప్పు కదిలేలా తలెత్తి, గుండ్రటి నల్ల ఫ్రేము కళ్లద్దాల్లోంచి ఒక చూపు చూసి మూతి ముడుస్తుంది. ఆ మూతి చూస్తే పాలు వాటంతటవే విరిగిపోతాయి.

మా బోసో తీరంలో సుషి చుట్ట అంటే చేతి మణికట్టంత కాదు, కాలి పిక్కంత లావుంటుంది. కోసిన ప్రతి ముక్కలోనూ ఒక బొమ్మ కనబడాలి. పువ్వో, సీతాకోకచిలుకో, నత్తో. పెళ్లయినా, తద్దినమైనా, గుడి పండుగైనా అది లేకపోతే జనం పెదవి విరుస్తారు. మా ఊళ్లో దాన్ని చుట్టగలిగే చేతులు ఇద్దరివే. ఒకరు మా అత్త. రెండోవారు వీధికి అవతల ఉండే హత్సుయే గారు. వీళ్లిద్దరి పోటీ నేను కాపురానికి రాకముందు నుంచీ ఉంది, ఇద్దరూ హాయిగా ఉన్నారు కాబట్టి ఇంకా ఉంటుంది.

నాకు ఆ చాప కావాలి. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు రాదు. నేను కొండ ప్రాంతం పిల్లను. మా అమ్మ నా బడి డబ్బాలో అన్నం మీద ఒక ఊరేసిన రేగుపండు పెట్టి మూత బిగించేది, కళ అక్కడితో సమాప్తం. నా పెళ్లి విందులో మొదటిసారి ఎర్ర కమేలియా పువ్వు ఉన్న సుషి ముక్కను చూశాను. పెళ్లికొడుకు తెప్పేయిని చూసినప్పటి కంటే ఆ ముక్కను చూసినప్పుడే నా గుండె ఎక్కువగా కొట్టుకుంది. ఈ సంగతి తెప్పేయికి తెలుసు, పాపం ఏమీ అనుకోడు.

ఈ శరదృతువులో మా అమ్మాయి మినోరి చదివే చిన్నపిల్లల బడిలో ఆటల పండుగ. దాని తరగతి పిల్లలందరికీ మినోరి ముందే చాటింపు వేసేసింది, మా నానమ్మ పాండా ముఖం చుడుతుంది, అందరికీ తలో పాండా పెడతాను అని. ఆ వారంలోనే నానమ్మ స్టూలెక్కి పెరట్లో నారింజ రంగు పెర్సిమన్ పళ్లు కోయబోయి, పండు చేతికందిన ఆనందంలో తాను నిలబడ్డది స్టూలు మీదని మరిచిపోయింది. పండుకేమీ కాలేదు. కుడి మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని వచ్చి, ఈసారికి బజారులో డబ్బాలు కొనండి అని తీర్పు చెప్పేసింది ఆవిడ. మినోరి కింది పెదవి వణకడం మొదలైంది. ఆ పెదవిని చూశానో, గోడకు వేలాడుతున్న చాపను చూశానో, నేను చుడతాను అత్తయ్యా అని నా నోట వచ్చేసింది. తెప్పేయి నెమ్మదిగా లేచి, తోటలో ఏదో పనుందని వెళ్లిపోయాడు.

అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"బొమ్మ కుదిరిందా, ఆ చాప నీది. కుదరలేదా, మళ్లీ విసనకర్ర పట్టుకో. చాప మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకు," అంది.

"సరే అత్తయ్యా," అన్నాను.

పండుగ రోజు ఇంకా వెలుగు రాకముందే తెప్పేయిని కింద పరుచుకునే నీలం పట్టా ఇచ్చి మైదానానికి తరిమాం. చోటు పట్టుకోవడం ఈ ఊళ్లో మగవాళ్ల ధర్మం. హత్సుయే వాళ్ల పట్టా పక్కనే పరవాలనీ, మన బొమ్మ వాళ్లకు కనబడకపోతే చుట్టి ఏం లాభమనీ అత్త అతనికి గడప దాటేదాకా నూరిపోసింది. అతను వెళ్లాక మూడంతస్తుల లక్క పెట్టె దించాను. పై అంతస్తులో వేయించిన కోడి ముక్కలు, పొరలు పొరలుగా చుట్టిన గుడ్డట్టు, ఆక్టోపస్ కాళ్లలా చీల్చి వేయించిన సాసేజ్‌లు. మధ్య అంతస్తులో ఉడికించిన దుంపలు, క్యారెట్ పూలు. అడుగు అంతస్తు మొత్తం ఖాళీ. అది పాండాకి.

అన్నం ఉడికింది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో విసనకర్ర పట్టుకుని నేనొక్కదాన్నే కోస్తూ విసురుతుంటే, ఎదురుగా కుర్చీలో కూర్చున్న అత్త ఎడమ చెయ్యి ఒళ్లో ఊరికే ఉండలేక తెగ కదులుతోంది. వెనిగర్ ఘాటుకు నా కళ్లలో నీళ్లు. ఆవిరికి ఆవిడ కళ్లద్దాలు తెల్లగా మసకబారాయి. తుడుచుకోవడానికి చెయ్యి సరిగా లేదు, తుడవమని నన్నడగడానికి మనసు రాదు. అలాగే తెల్లటి అద్దాల్లోంచి నా మీద అధికారం చెలాయించింది.

ముఖాన్ని చాప మీద తలకిందులుగా పేర్చాలి. అదే ఈ విద్యలో తిరకాసు. చెవులు అడుగున, గడ్డం పైన. నల్ల నువ్వుల పొడి కలిపిన అన్నంతో రెండు చెవులు చేసి వాటి మధ్య తెల్లన్నం కూరాను. దాని మీద కళ్లు, ముక్కు. ఇక మూతి. ఎండబెట్టిన ఆనపకాయ పట్టీని సోయా సాస్‌లో, పంచదారలో నల్లగా ఉడికించి ఉంచాను. పాండా నవ్వాలంటే తలకిందులు లెక్కలో ఆ పట్టీ గొడుగులా వంగి ఉండాలి. ఎనిమిదేళ్లు విసురుతూ నేను కళ్లు మూసుకోలేదు కదా. గొడుగులాగే పెట్టాను.

"మూతి తిరగెయ్యి," అంది అత్త.

నేను ముందే తిరగేసి పెట్టానని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆవిడ నోట మాట రాగానే నా చేతులు నన్నడగకుండానే పని చేసేస్తాయి. పట్టీ తీసి తిరగేశాను. పైన అన్నం కప్పి, ఊపిరి బిగబట్టి చుట్టి, చాపతో గట్టిగా నొక్కాను. కొంచెం ఎక్కువే నొక్కానేమో. లోపలేదో జరిగినట్టు అరచేతికి తెలిసింది. అయినా బయటినుంచి చూస్తే నల్లగా, నున్నగా, ఎంత అందంగా ఉందో. ముద్దు పెట్టుకోబోయాను కూడా, అత్త చూస్తోందని మానుకున్నాను.

ఇంట్లో కోయకూడదు. పట్టా మీద, అందరూ చూస్తుండగా కోయాలి. చుట్టిన చేతికి కూడా లోపలేముందో అప్పుడే తెలియాలి, అది ఈ ఊరి పద్ధతి. అందుకని ఆ చుట్టను తడిగుడ్డలో పెట్టి, పురిటి బిడ్డను తెచ్చినట్టు గుండెలకు హత్తుకుని మైదానానికి తెచ్చాను. పిల్లలు పరుగులు తీశారు, బంతులు విసిరారు. మినోరి పరుగు పందెంలో అందరికంటే వెనక వచ్చింది, మధ్యలో ఆగి మా పట్టా వైపు చెయ్యి ఊపింది కూడా. ఒడిలో చుట్ట ఉండగా నాకు పందేలేం కనబడతాయి. లోపల నవ్వుతున్నావా, నవ్వుతున్నావా అని దాన్నే అడుగుతూ కూర్చున్నాను. ఆనందమో భయమో తెలియని గిలిగింత అరికాళ్ల నుంచి పైకి పాకుతోంది.

భోజనం గంట కొట్టారు. పక్క పట్టా మీద హత్సుయే గారు అప్పటికే తన చుట్ట కోశారు. విచ్చుకున్న పియోనీ పువ్వు, ఒక్క రేకు కూడా చెదరలేదు. ఆవిడ పెట్టుడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ మా పట్టా అంచుకు జరిగి కూర్చున్నారు. మినోరి తన తరగతిని మొత్తం వెంటబెట్టుకొచ్చింది. నేను కత్తిని తడిగుడ్డతో తుడిచి మొదటి వేటు వేశాను. కొస ముక్క అడ్డదిడ్డంగా ఉంటుంది కాబట్టి తెప్పేయి నోట్లో పెట్టాను. రెండో వేటు వేసి, ముక్కను పళ్లెంలో పడుకోబెట్టాను.

పాండా నవ్వట్లేదు. మూతి రెండు కొసలూ కిందికి వేలాడి, ప్రపంచం మొత్తం మీద అలిగినట్టు ముడుచుకుని ఉంది. నేను నొక్కిన నొక్కుడుకు చెవులు రెండూ కలిసిపోయి నడినెత్తిన ఒకే ముద్దయ్యాయి, బిగించి వేసిన కొప్పులా. కళ్ల చుట్టూ గుండ్రటి నల్ల మచ్చలు.

ఎనిమిదేళ్ల ఆశ పళ్లెంలో మూతి ముడుచుకుని నావైపే చూస్తోంది.

హత్సుయే గారు ముక్కను చూశారు. తలెత్తి మా అత్తను చూశారు. కొప్పు, గుండ్రటి నల్ల కళ్లద్దాలు, ముడిచిన మూతి. మళ్లీ ముక్కను చూశారు. ఆవిడ భుజాలు కదలడం మొదలైంది.

"ఇది పాండా కాదు," అంది మినోరి. "నానమ్మ."

అంతే. హత్సుయే గారు పళ్లు ఊడిపోకుండా చేత్తో పట్టుకుని పట్టా మీద ఒరిగిపోయారు. తెప్పేయి నోట్లో ఉన్న కొస ముక్క మింగలేక, కక్కలేక ముఖం ఎర్రగా చేసుకుని మూల్గాడు. అత్తకు కోపం వచ్చింది, మూతి ఇంకాస్త ముడిచింది. దాంతో పోలిక ఇంకాస్త కుదిరి, చుట్టుపక్కల పట్టాల వాళ్లు కూడా చూడ్డానికి మీద పడ్డారు. ఆపుదామని నేను ఇంకో ముక్క కోశాను. అందులోనూ అత్తే. ఇంకోటి కోశాను. అత్త. చుట్టలో ఒకచోట జరిగిన పొరపాటు పొడుగునా జరుగుతుంది, ఎక్కడ కోసినా అదే ముఖం. అడుగు అంతస్తు నిండా మా అత్తలు వరసగా కూర్చుని ఊరి మీద అలిగారు. పిల్లలు క్యూ కట్టారు. నాకూ ఒక నానమ్మ, నాకూ ఒక నానమ్మ అని చేతులు చాచారు. నాకు ఏడుపు వస్తోంది, దాని వెనకే నవ్వు తోసుకొస్తోంది. చివరికి నవ్వే గెలిచింది, కడుపు పట్టుకుని కూలబడ్డాను.

"పాతికేళ్లుగా నువ్వూ నేనూ పూలు చుట్టి కోస్తూనే ఉన్నాం మత్సుయో," అన్నారు హత్సుయే గారు, కళ్లు తుడుచుకుంటూ. "అందరూ బాగుందన్నారు, తిన్నారు, వెళ్లారు. ఇలా ఒక్కసారైనా నవ్వారా?"

అత్త ఎడమ చేత్తో ఒక ముక్క తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ముక్కా ఆవిడా ఒకరినొకరు మూతి ముడిచి చూసుకున్నారు. తర్వాత నుదుటి నుంచి మొదలుపెట్టి తనను తాను పూర్తిగా తినేసింది.

ఇంటికి వచ్చాం. పెట్టెలో నాకినట్టు ఒక్క మెతుకు లేదు, ఊళ్లో ఎవరింటికి ఏ ముక్క పోయిందో కూడా తెలియదు. నవ్వు దిగిపోయాక నాకు బెంగ పట్టుకుంది. మాటంటే మాటే, పాండా కుదరలేదు. చాపను కడిగి, సందుల్లో ఇరుక్కున్న మెతుకులు తీసి, ఆరబెట్టి, ఆవిడ మేకుకు తగిలించాను. పక్క మేకుకున్న విసనకర్ర కోసం చెయ్యి చాచాను, తుడిచి పెడదామని.

వెనక నుంచి అత్త వచ్చింది.

"మూతి నువ్వు సరిగానే పెట్టావు. మసక కళ్లతో తిరగెయ్యమన్నది నేను," అంది. మేకు మీది చాపను తీసి నా చేతిలో పెట్టింది. "రేపు అన్నం వండు. నాకు హత్సుయే ముఖం కావాలి. పళ్లన్నీ కనబడాలి. ఆ పళ్లకి ఏం వాడతావో నువ్వే ఆలోచించుకో."

ముల్లంగి అనుకున్నాను, తెల్ల ముల్లంగి, సన్నగా తరిగి. లేదంటే గుడ్డులో తెల్లసొన. అప్పటికే నా బుర్రలో హత్సుయే గారు తలకిందులుగా నవ్వుతున్నారు.

అత్త విసనకర్రను ఎడమ చేత్తో అందుకుంది. ఖాళీ తొట్టి ముందు నిలబడి, ఊరికే గాలిలో రెండుసార్లు ఊపి చూసుకుంది.

"మణికట్టు కాదత్తయ్యా," అన్నాను. "మోచెయ్యి కదపాలి."

ఆవిడ మూతి ముడిచింది. మోచెయ్యి కదిపింది.