రేవు వీధి అబద్ధం

ప్యాంటు అంచు మడత పెట్టించుకోవడానికి తప్ప మేనత్త గడప తొక్కని మేనల్లుడు వారం తిరక్కుండా రెండోసారి పళ్ళ సంచితో వచ్చేసరికి, కుట్టు మిషను మీద మిషనత్త కాలు ఆగిపోయింది.

వీధంతా ఆమెను మిషనత్త అనే పిలుస్తుంది. ముందుగదిలో కుట్టుపని, వెనక గదుల్లో కాపురం. ఇల్లు ఆమె తండ్రి కట్టించింది. ఆయన పోయాక కూతురికి సగం, కొడుక్కి సగం అని నోటిమాటగా అనుకున్నారే తప్ప గీత గీసుకోలేదు. తమ్ముడు ఉద్యోగానికి దగ్గరని అద్దె ఇంటికి మారి, అక్కడే పోయాడు. భర్త పోయి పుట్టింటికి చేరిన నాటి నుంచి ఆమె బతుకంతా ఈ గోడల మధ్యే. తమ్ముడి కొడుకు ఇప్పుడు పళ్ళు మోసుకొస్తున్నాడంటే వాడి కన్ను చెట్టు మీదే, అంటే ఈ ఇంటి మీదే, పడి ఉంటుందని ఆమె లెక్క.

వాడు వస్తూనే, కత్తిరించడానికి పరిచిన జాకెట్టు గుడ్డ మీద ఒక పెద్ద కాగితం పరిచాడు.

"మన వంశవృక్షం గీస్తున్నానత్తా."

"గీస్తే కాయలు కాస్తాయా?"

"మా ఆఫీసులో ఒకాయన ఏడు తరాలు పట్టుకున్నాడు. నాకేమో తాత దగ్గరే ఆగిపోతోంది. నాన్న ఈ ఇంట్లోనే పుట్టాడు కదా, అంతకుముందు తాతావాళ్ళు ఏ వీధిలో ఉండేవాళ్ళు? పాత రిజిస్టర్లన్నీ వీధుల వారీగా ఉన్నాయి. వీధి తెలీకపోతే గడ్డివాములో సూది వెతికినట్టే."

మిల్లు వీధి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిషనత్త దాన్ని అక్కడే మింగేసింది. కానీ అబద్ధానికైనా నిలబడ్డానికి కాస్త చోటు కావాలి. చప్పున నోటికొచ్చిన చోటు తల్లి పుట్టిల్లు.

"రేవు వీధిరా. మేమంతా అక్కడే ఉండేవాళ్ళం."

వాడు శ్రద్ధగా రాసుకుని వెళ్ళాడు. గుమ్మం పక్కన కూర్చుని కాజాలు కుట్టే ఆవిడ పంటి కింద దారం తెంపి, తల ఎత్తింది.

"ఎప్పుడూ మిల్లు వీధనేదానివిగా?"

"వెతుక్కోనీ. కాళ్ళు నొప్పిపుడితే వాడే మానుకుంటాడు."

"పాపం, నిజంగానే చెట్టు గీస్తున్నాడేమో."

"వాడి బావమరిది ఇళ్ళ బ్రోకరు. మరిచిపోయావా? కింద నిచ్చెన పట్టుకునేవాడు లేకుండా ఎవడూ చెట్టెక్కడు."

ఆ తర్వాత మేనల్లుడు కొన్నాళ్ళు కనబడలేదు. పీడ వదిలిందనుకునే సమయానికి వచ్చాడు, ఈసారి ఉత్త చేతులతో. పళ్ళ సంచికంటే ఆ ఉత్త చేతులే ఆమెను ఎక్కువ భయపెట్టాయి. పైగా కూర్చోకుండా నిలబడి, దొంగనోటును వెలుగుకు పెట్టి చూసినట్టు ఆమె మొహంలోకి చూశాడు.

"అత్తా, నీకు అక్క ఎవరైనా ఉండేదా?"

"లేదు."

"తాతకి మొదటి బిడ్డవి నువ్వేనా?"

"నేను కాకపోతే నువ్వా?"

"ఊరికే అడిగాలే," అని వెళ్ళిపోయాడు.

"ఊరికే అన్న మాట ఎప్పుడూ ఊరికే రాదమ్మా," అంది కాజాలావిడ.

అక్క ఉండేది. ఏడాది నిండగానే జ్వరమొచ్చి పోయింది. ఆ బిడ్డకు నాయనమ్మ పేరు పెట్టుకున్నారు. తర్వాత పుట్టిందీ ఆడపిల్లే కాబట్టి పేరు నిలబడాలని అదే పెట్టారు. పేరు అదే, తల్లీ తండ్రీ వాళ్ళే. పుట్టిన చీటీ ఇంట్లో ఉండగా మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగడమెందుకని తల్లి పాత చీటీనే దాచి ఉంచింది. అక్క గౌన్లు వేసుకున్నట్టే, అక్క ఉయ్యాల ఊగినట్టే, మిషనత్త అక్క చీటీతోనే బడిలో చేరింది, పెళ్ళి రాయించుకుంది. కాగితం ప్రకారం మూడేళ్ళు ముందే ముసలిదాన్నయ్యానని నవ్వుకునేది కూడా. అందులో తప్పుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మర్నాడు దుకాణం మూసి, పురపాలక ఆఫీసులో పాత రికార్డుల గదికి వెళ్ళింది. ఇనుప బీరువాల నిండా గుడ్డ అట్టల పుస్తకాలు. బల్ల వెనక గుమాస్తా ఆవిడ ఆ దుమ్ముకు తుమ్మలేక తుమ్ముతోంది.

"రేవు వీధా?" అంది ఆవిడ, మిషనత్త తన తండ్రి పేరు చెప్పగానే. "మొన్ననే ఒకాయన చూసి వెళ్ళాడే. మీవాడా?"

"మావాడే. అందుకే వచ్చాను."

గుమాస్తా మరణాల పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చూపింది. ఆడబిడ్డ. మిషనత్త పేరే. కింద తండ్రి పేరు. వయసు ఏడాది. జ్వరం. అమ్మమ్మగారింటికి తీసుకెళ్ళినప్పుడు అక్కడే పోయిందన్నమాట, అక్కడే ఎవరో రాయించారు. ఆ సంగతి మిషనత్తకు ఎవరూ చెప్పలేదు. మిల్లు వీధి అని నిజం చెప్పి ఉంటే మేనల్లుడు ఈ పుస్తకం ముట్టుకునేవాడే కాదు. తన అబద్ధమే వాడి చెయ్యి పట్టుకుని ఈ పేజీ దగ్గరికి నడిపించింది.

"నకలు తీసుకెళ్ళాడు. ముద్ర వేయించుకుని మరీ," అంది గుమాస్తా.

"చెట్టు గీసుకోవడానికి ముద్ర కావాలా?"

"దేనికి? చూసి రాసుకుంటే చాలు. కోర్టు పనికో, ఇల్లు పేరు మార్పించడానికో అయితేనే ముద్ర అడుగుతారు."

ఇంటికి నడుస్తూ ఆమె లెక్క కట్టుకుంది. తన పుట్టిన చీటీ పక్కన ఆ నకలు పెడితే, తను ఏడాది బిడ్డగానే పోయింది. పోయిన బిడ్డకు సగం ఇల్లు ఎవరిస్తారు? దొంగ వస్తాడేమోనని తాళం చెవి దాచబోయి దొంగ జేబులోనే దాచినట్టయింది.

ఏడవలేదు, అరవలేదు. చొక్కా కుట్టిపెడతాను కొలతలకు రమ్మని మేనల్లుడికి కబురు చేసింది. చేతులు రెండూ చాపి, ఛాతీ చుట్టూ టేపుతో నిలబడ్డ మనిషికి అబద్ధమాడటం కష్టమని ఆమె ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది. నోరు బొంకినా ఊపిరి బొంకదు.

టేపు చుట్టి, మెల్లగా అడిగింది. "ముద్ర ఎందుకు వేయించావురా?"

టేపు బిగుసుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"చేతులు దించకు. కొలత తప్పుతుంది."

వాడు గోడకేసి చూశాడు. "ముందు నువ్వు చెప్పు. ఆ బిడ్డ పోయిందని పుస్తకంలో ఉంది. అక్క లేదన్నావు. మరి నువ్వెవరు? ఎక్కణ్ణుంచైనా తెచ్చి పెంచుకున్నారా? నాన్నకి తెలుసా?"

తను వాణ్ణి అనుమానించిందే తప్ప, వాడు తనను అనుమానిస్తాడని ఆమెకు తట్టనే లేదు.

"మీ బావమరిది ఏమన్నాడు?"

"ముద్ర వేయించి పెట్టుకో బావా, ఎప్పటికైనా పనికొస్తుంది అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అన్లేదు. వేయించాను."

టేపు వదులైంది. నాకేం తెలీదత్తా అని ఉంటే ఆమె నమ్మేది కాదు. ఈ మాట మాత్రం కొలతకు సరిపోయింది. చేతులు దించమని, స్టూలు మీద కూర్చోబెట్టి, అక్క సంగతి, చీటీ సంగతి, మిల్లు వీధి సంగతి చెప్పింది.

"అంటే రేవు వీధి అబద్ధమా?" అన్నాడు. "నిజం చెప్పుంటే నాకసలు ఈ కాగితమే దొరికేది కాదు."

"తెలుసులే. పుండు మీద కారం చల్లకు."

"మరి నువ్వు రెండో బిడ్డవని రుజువేది?"

ఆమె జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. భుజం కింద పాత టీకా మచ్చ. "మిల్లు వీధి బడి అరుగు మీద వేశారట. టీకాలాయన వేలు కొరికానని మా అమ్మ చెప్పేది."

వాడి కళ్ళు వెలిగాయి. "టీకాల పుస్తకాలు ఉన్నాయత్తా అక్కడ! ఎవరూ ముట్టుకోరు. రేపు వెళ్ళి చూస్తా."

"ఒక్కడివి కాదు. నేనూ వస్తాను."

"నమ్మవా?"

"నువ్వు నమ్మావా?"

మర్నాడు రికార్డుల గదిలో ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. వాడు పేజీలు తిప్పాడు. పేజీ ఏదైనా చినుగుతుందేమోనని ఆమె వాడి వేళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆమె ఏ పేరు దగ్గర ఉలిక్కిపడుతుందోనని వాడు ఆమెను చూస్తున్నాడు. మధ్యలో గుమాస్తా తుమ్మితే ఇద్దరూ ఒకేసారి అదిరిపడ్డారు.

మధ్యాహ్నానికి దొరికింది. మిల్లు వీధి, ఆడబిడ్డ, అదే పేరు, అదే తండ్రి, ఎనిమిది నెలల వయసు. మొదటి బిడ్డ పోయిన చాలా కాలం తర్వాతి తేదీ. మిషనత్త ఆ వరుసను మూడుసార్లు చదివింది. తన గురించి, అచ్చంగా తన గురించే, ఎవరో రాసిపెట్టిన మాట అదొక్కటే.

"నకలు ఎవరికి?" అంది గుమాస్తా.

ఇద్దరూ చేతులు ముందుకు చాపారు.

"నీకెందుకు? చెట్టుకి ముద్ర అక్కర్లేదని ఈవిడే చెప్పింది," అంది మిషనత్త.

వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, సంచిలోంచి తన పెద్ద కాగితం తీశాడు. తాత కింద పక్కపక్కన రెండు గడులు గీసి, రెండింటిలోనూ ఒకే పేరు రాశాడు. ఆమె మొదటి గడి మీద వేలు పెట్టింది.

"దాని గడి కాస్త పెద్దగా గియ్యరా. ఇన్నాళ్ళూ దాని చీటీ మీదే బతికాను."

వాడు చెరిపి, పెద్దగా గీశాడు.

ఆ వారమే చొక్కా తీసుకోవడానికి వచ్చాడు. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు అచ్చుగుద్దినట్టు కుదిరాయి. ఛాతీ మీద చెయ్యి వేసి తడుముకున్నాడు.

"జేబేదత్తా?"

"రేవు వీధి నకలు ఇచ్చెయ్. కుడతాను."

కాజాలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కావాలంటే మళ్ళీ తెచ్చుకోలేడా?"

"తెచ్చుకోనీ. ఆ తుమ్ములావిడ ఇప్పుడు నాకు స్నేహం."

వాడు పర్సులోంచి మడత పెట్టిన కాగితం తీసి మిషను మీద పెట్టాడు. ఆమె మడత విప్పి, ముద్ర చూసి, తిరగేసి మళ్ళీ చూసి, దారపుకండెల సొరుగులో వేసి తాళం పెట్టింది. ఆ తర్వాత ఒళ్ళోని గుడ్డపేలికల్లోంచి, ఎప్పుడో కత్తిరించి అంచు మడిచి ఉంచిన జేబు ముక్క బయటికి తీసింది.